చెక్కకి స్టెయిన్ కొట్టేశాక పైన ఇంకేం వెయ్యాలి?

(శనివారం తీసిన షాట్: డైనింగ్ టేబుల్ మీద తడిపిన తెల్లగుడ్డ నాలుగుసార్లు గట్టిగా రుద్ది, కెమెరా ముందుకి తెచ్చి)

చూశారా? ఇది కాఫీ డికాషన్ కాదండీ. టేబుల్ రంగు.

చెన్నై పెరంబూరులో మా పిన్నివాళ్ల డైనింగ్ టేబుల్ ఇది. ఆరు నెలల కింద వాల్‌నట్ స్టెయిన్, అంటే చెక్కకి పట్టించే రంగు, కొట్టించారు. కొట్టినాయన "పాలిష్ ముడింజిదుమ్మా", అంటే పాలిష్ అయిపోయిందమ్మా, అనేసి డబ్బులు తీసుకుని వెళ్లాడు. అప్పట్నుంచి పిన్ని రోజూ తడిగుడ్డతో తుడుస్తోంది, రోజూ గుడ్డకి రంగంటుతోంది. "కొత్త చీరలాగా నాలుగు ఉతుకులయ్యాక ఆగుతుందిలే అనుకున్నాన్రా" అంటోంది. ఆగుతుంది పిన్నీ, రంగంతా అయిపోయాక!

నాకు ఒళ్లు మండేది ఆ "పాలిష్" అన్న మాట దగ్గరే. స్టెయిన్ కొట్టినా పాలిష్షే, లక్క పూసినా పాలిష్షే, మెలమైన్ కొట్టినా పాలిష్షే, మైనం రుద్దినా పాలిష్షే. ఇక ఏం వేశావయ్యా అని అడిగేవాళ్లెవరు, చెప్పేవాళ్లెవరు?

స్టెయిన్ అంటే కాళ్లకి పసుపండీ. పేరంటానికి వెళ్తే పిన్ని కాళ్లకి పసుపు రాస్తారు. కాళ్లు కళకళలాడతాయి. అలాగని ముల్లు గుచ్చుకోకుండా ఉంటుందా? బురద అంటకుండా ఉంటుందా? దానికి చెప్పులు వేసుకోవాలి. చెక్కకి ఆ చెప్పులే ఫినిష్, అంటే రంగు మీద కాపలాగా వేసే పూత. ఇక్కణ్ణుంచి వీడియో అంతా చెప్పుల గొడవే, కాస్త ఓపిక పట్టండి.

(చేతిలో లక్క రేకులు, దగ్గర షాట్)

ఈ తేనెరంగు పెంకులు లక్క. షెల్లాక్ అన్నా ఇదే. లక్కపురుగులు చెట్టుకొమ్మల మీద కట్టుకునే గూటిని కరిగించి, వడగట్టి ఇలా రేకులు చేస్తారు. స్పిరిట్‌లో నానబెట్టి, గుడ్డముద్దతో పూత మీద పూత రుద్దితే అదే ఫ్రెంచ్ పాలిష్. మన ఏటికొప్పాక బొమ్మల మీద మెరుపు కూడా లక్కదే. కాకపోతే అక్కడ స్పిరిట్‌తో పనిలేదు, లేత్ మీద తిరిగే బొమ్మకి లక్కకడ్డీ ఆనిస్తే రాపిడి వేడికే కరిగి పట్టేస్తుంది. నన్నడిగితే ఇంతకంటే అందమైన ఫినిష్ ఇంకోటి లేదు.

కానీ ఇది తోలుచెప్పు. హుందాగా ఉంటుంది, వానలో దిగితే గోవిందా. వేడివేడి ఫిల్టర్ కాఫీ గ్లాసు నేరుగా పెట్టారా, తెల్లటి గుండ్రం పడుతుంది. 2020లో టీపాయ్ మీద శానిటైజర్ సీసా పెట్టుకున్నవాళ్లు గుర్తు తెచ్చుకోండి. చుక్క పడ్డచోటల్లా పాలిష్ జిగటగా లేచిపోలేదూ? లేవదా మరి! శానిటైజర్‌లో ఉన్నది ఆల్కహాలు, లక్కని కరిగించేదీ ఆల్కహాలే. అయితే తోలుచెప్పుకున్న సుఖం దీనికీ ఉంది, తెగితే కుట్టించుకోవచ్చు. స్పిరిట్ గుడ్డతో ఇంకో పూత రుద్దితే పాతదానిలో కలిసిపోతుంది. పుస్తకాల బీరువాకి, తాతగారి పడకకుర్చీకి హాయిగా వేసుకోండి. అన్నం తినే బల్లకి మాత్రం వద్దు.

తర్వాతది ఎన్.సి. లాకర్, అంటే నైట్రోసెల్యులోజ్‌ని థిన్నర్‌లో కరిగించిన పూత. హవాయి చెప్పులు. చవక, నిమిషాల్లో ఆరుతుంది, థిన్నర్‌తో మళ్లీ కరుగుతుంది. కాకపోతే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన చెన్నై వానల్లో కొడితే పైన తెల్లటి మసక కమ్ముతుంది. థిన్నర్ గబగబా ఆవిరవుతుంటే ఆ ఉపరితలం చల్లబడి, గాలిలో తేమ దానిమీద దిగుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టన్నమాట. దానికి మేస్త్రీని తిట్టకండి, తేదీ పెట్టింది మీరే.

మెలమైన్, ఇంటింటా మేస్త్రీలు కొట్టేది ఎక్కువగా ఇదే. గట్టిది, వేడికీ నీళ్లకీ లక్కకంటే చాలా నయం. కొన్నాళ్లు ఘాటు వాసన. బాల్కనీకి పనికిరాదు.

ఇక పీయూ, అదే పాలీయురెథేన్. రెండు డబ్బాలొస్తాయి, ఒకటి బేస్, ఒకటి దాన్ని గట్టిపరిచే హార్డెనర్, రెండూ కలిపి కొట్టాలి. ఇది గమ్ బూట్లు. సాంబారు ఒలికినా, నిమ్మకాయ పిండినా లెక్కచెయ్యదు. కానీ గమ్ బూటు చిరిగితే చెప్పులు కుట్టేవాడు కూడా చేతులెత్తేస్తాడు. కొత్త పూత పాతదానిలో కరిగి కలవదు. ఎమరీ పేపర్‌తో గరుకు చేసి, మళ్లీ మొత్తం కొట్టుకోవాల్సిందే.

సరే, అసలు చిక్కు ఇక్కడుంది. ఏ చెప్పులు కొనాలో తెలిసింది. కింద పసుపు ఎలాంటిదో చూశారా? పచ్చిపసుపు మీద చెప్పులేసుకుంటే పసుపు కాలికి ఉండదు, చెప్పుకి అంటుకుంటుంది. స్టెయిన్ దేనిలో కరుగుతుందో, పైన వేసే ఫినిష్‌లోనూ అదే ఉంటే, బ్రష్ ఆనించగానే కింది రంగు లేచి చారలుచారలుగా పాకుతుంది. స్పిరిట్ స్టెయిన్ మీద లక్క బ్రష్‌తో పూస్తే ఇదే గతి. పీయూలో నీళ్లతో కలిపే రకమూ ఉంది, నీళ్ల స్టెయిన్ మీద ఆ నీళ్ల పీయూ పూసినా అంతే. ఆయిల్ స్టెయిన్‌ది ఇంకో తంటా. పూర్తిగా ఆరకముందే నీళ్ల పీయూ వేస్తే పట్టదు, జిడ్డు పెనం మీద నీళ్లు జారినట్టు జారిపోతుంది. మూడు రోజులు ఆగండి, ముసురు పడితే ఇంకా ఆగండి.

పిన్ని టేబుల్‌కి తడిగుడ్డతోనే రంగు ఊడింది కాబట్టి, నీళ్లతో కలిపే పీయూ వద్దనుకున్నా. థిన్నర్‌తో కలిపే రెండు డబ్బాల పీయూ తీసుకున్నా, అదీ మ్యాట్. అద్దంలా మెరిసే టేకు బల్ల చూస్తే నాకు హోటల్ రిసెప్షన్ గుర్తొస్తుంది, మీ ఇష్టం మీది.

(టేబుల్ అడుగుభాగం, అరచేతంత చోట పరీక్ష పూత)

ఏది వేసినా ముందు ఇలా అడుగున వేసి చూసుకోండి. ఇదే చెక్క, ఇదే స్టెయిన్, మేనత్తకి కూడా కనపడని చోటు. ఒక రాత్రి ఆగి, తెల్లగుడ్డతో రుద్దండి. గుడ్డకి రంగంటకపోతే పైకి రండి.

వీడియో పొడుగైపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తా. మొదటి పూత ఆరాక 320 నంబరు ఎమరీ పేపర్‌తో తేలిగ్గా రుద్దండి, అంచుల దగ్గర మరీ తేలిగ్గా. అక్కడ గట్టిగా గీకితే పసుపు పోయి తెల్లచెక్క బయటపడుతుంది. తెల్ల, బూడిదరంగు స్టెయిన్ల మీద ఆయిల్ వార్నిష్ వద్దు, పసుపు తిరుగుతుంది, ఈసారి నిజంగా పసుపు రంగే. బాల్కనీ కుర్చీలకి ఎండకి తట్టుకునే ఎక్స్‌టీరియర్ రకమే తీసుకోండి. పీయూ స్ప్రే చేసేవాళ్లు గుడ్డ మాస్క్‌తో నెట్టుకురాకండి, హార్డెనర్ ఊపిరితిత్తులకి మంచిది కాదు, రసాయనాల ఆవిర్లని ఆపే మాస్క్ వేరే ఉంటుంది. అవిసెనూనె వాడితే ఆ గుడ్డల్ని ఉండచుట్టి మూలకి పడెయ్యకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టండి.

(లోపల్నుంచి పిన్ని గొంతు: "ఒరేయ్, దీనిమీద గిన్నెలు పెట్టుకోవచ్చా?")

వద్దు పిన్నీ! వారం రోజులు! ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, లోపల ఇంకా గట్టిపడుతూనే ఉంటుంది.

(చేతి గడియారం చూసుకుని)

కలిపిన డబ్బా గట్టిపడకముందే రెండో పూత వేసెయ్యాలి. ఉంటానండీ.