ఇల్లు దొరికిన ఏడాది

(ప్రవక్త ముహమ్మద్ పుట్టినరోజు మిలాదున్నబీ సందర్భంగా గ్రంథాలయంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మీకందరికీ నమస్కారం. అస్సలాము అలైకుమ్. కార్యదర్శి గారు ఇచ్చిన చీటీలో పద్నాలుగు పేర్లున్నాయి. నాకిచ్చింది ఇరవై నిమిషాలు. పేర్లన్నీ చదివితే దిగిపోవడమే మిగులుతుంది గనక ఆ పద్నాలుగు మందీ నన్ను మన్నించాలి.

ఈ రోజు నాకిచ్చిన విషయం "ఇస్లాం తొలి చరిత్ర, మౌలిక విశ్వాసాలు". నేను మౌలానాని, అంటే మత పండితుణ్ణి కాను. ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. రాత్రి కూర్చుని నాలుగు పేజీల నోట్సు రాసుకొచ్చాను. ఎంతవరకు దాని మీద నిలబడతానో చూద్దాం.

గ్రంథాలయంలో ఉన్నాం గనక మొదటి మాటతోనే మొదలుపెడతాను. ఆ మాట "చదువు". క్రీస్తు శకం 610లో మక్కా పక్కన హిరా అనే కొండ గుహలో ఒంటరిగా ధ్యానంలో ఉన్న నలభై ఏళ్ళ మనిషికి వినిపించిన మాట అది. "నాకు చదవడం రాదు" అన్నారాయన. మళ్ళీ అదే మాట. మళ్ళీ అదే జవాబు. ఆయన ప్రవక్త ముహమ్మద్, సల్లల్లాహు అలైహి వసల్లం, ఆయనపై దేవుని శాంతి, దీవెనలు కలగాలి. పుట్టకముందే తండ్రి పోయాడు, ఆరేళ్ళకు తల్లి పోయింది, ఎనిమిదేళ్ళకు పెంచిన తాత పోయాడు. పెదతండ్రి అబూ తాలిబ్ నీడలో పెరిగాడు. ఇరవై అయిదేళ్ళకు ఖదీజా అనే వ్యాపారస్తురాలిని పెళ్ళి చేసుకున్నాడు.

గుహలోంచి వణుకుతూ ఇంటికొచ్చి "నన్ను కప్పండి, నన్ను కప్పండి" అన్నారు. ఆయనకు భయం, నాకేమైపోతోందని. అప్పుడు ఖదీజా చెప్పిన ధైర్యం వినండి. "మిమ్మల్ని దేవుడు ఎన్నడూ అవమానించడు. మీరు బంధువుల్ని విడవరు, మొయ్యలేనివాళ్ళ బరువు మోస్తారు, లేనివాళ్ళకు సంపాదించి పెడతారు, ఇంటికొచ్చినవాళ్ళను ఆదరిస్తారు" అంది. అప్పటికింకా నమాజు లేదు, రోజా అనే ఉపవాసం లేదు. ఇస్లాంలో మొదటి విశ్వాసి ఆవిడ. ఆ మొదటి విశ్వాసి తన భర్త మంచివాడని చెప్పడానికి చూపించిన సాక్ష్యం, గడప తొక్కినవాణ్ణి ఆయన ఎలా చూస్తాడన్నది. ఈ గడప మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

దేవుడు ఒక్కడే, ఆయన ముందు అందరూ సమానమే అన్న మాట మక్కా పెద్దలకు మింగుడుపడలేదు. మక్కాలోని కాబా అనే ఆరాధనా మందిరం చుట్టూ ఉన్న విగ్రహాల కోసం అరేబియా నలుమూలల నుంచి జనం వచ్చేవాళ్ళు, ఊరికి రాబడి వచ్చేది. అక్కడ బానిస కూడా సమానమే అంటే ఎలా? హబషీ, అంటే అబిసీనియా జాతి బానిస బిలాల్‌ను మండుటెండలో ఇసుక మీద పడుకోబెట్టి గుండెల మీద బండరాయి పెట్టారు. ఆయన నోటివెంట ఒకటే మాట, "అహద్, అహద్". ఒక్కడే, ఒక్కడే. ప్రవక్త స్నేహితుడు అబూబక్ర్ ఆయన్ని కొని విడిపించాడు. తర్వాత మదీనాలో మొదటి అజాన్, అంటే నమాజు పిలుపు, ఇచ్చిన గొంతు ఆయనదే.

ఇక ఊళ్ళో బతకలేమని తేలాక 615లో కొంతమంది ఎర్రసముద్రం దాటి అబిసీనియాకు, ఇప్పటి ఇథియోపియా వైపుకు వెళ్ళిపోయారు. మొదట పదిహేను మంది దాకా. తర్వాతి విడతలో ఎనభై మందికి పైగా. "అక్కడ ఒక రాజున్నాడు, ఆయన దగ్గర ఎవరికీ అన్యాయం జరగదు" అని ప్రవక్తే చెప్పి పంపారు. ఆ రాజు క్రైస్తవుడు. అరబ్బులు ఆయన్ని నజాషీ అన్నారు.

మక్కావాళ్ళు ఊరుకోలేదు. ఇద్దరు మాటకారుల్ని వెనకాలే పంపారు. అమ్ర్ బిన్ ఆస్ అందులో ఒకడు. మక్కా తోలు సామాను అంటే ఆ రాజుకు ఇష్టం, అందుకని తోలు కానుకలు పట్టుకెళ్ళారు. రాజు దగ్గరికి పోకముందే ఒక్కో దర్బారు పెద్దకూ ఒక్కో కానుక. పద్ధతి పాతదే చూడండి! "మా ఊరి కుర్రాళ్ళు కొందరు బుద్ధి తక్కువై పారిపోయి వచ్చారు, మాకు అప్పగించండి" అన్నారు. రాజు, "వాళ్ళ మాట వినకుండా ఎలా అప్పగిస్తాను?" అని ఆ పరదేశుల్ని పిలిపించాడు. ప్రవక్త పెదతండ్రి అబూ తాలిబ్ కొడుకు జాఫర్ లేచి మాట్లాడాడు.

నేను నాలుగు పేజీల్లో రాసుకొచ్చిన మౌలిక విశ్వాసాలు ఆయన రెండు నిమిషాల్లో చెప్పేశాడు. "రాజా, మేం అజ్ఞానంలో ఉన్నవాళ్ళం. విగ్రహాలను కొలిచాం, చచ్చిన జంతువుల్ని తిన్నాం, బంధుత్వాలు తెంచుకున్నాం, పొరుగువాళ్ళతో చెడ్డగా ఉన్నాం. మాలో బలవంతుడు బలహీనుణ్ణి మింగేవాడు. అప్పుడు దేవుడు మాలోంచే ఒకరిని పంపాడు. ఆయన వంశం మాకు తెలుసు, నిజాయితీ మాకు తెలుసు. ఒక్క దేవుణ్ణే కొలవమన్నాడు. నిజం చెప్పమన్నాడు, అప్పగించిన సొమ్ము తిరిగి ఇమ్మన్నాడు, పొరుగువాళ్ళతో మంచిగా ఉండమన్నాడు, అనాథల ఆస్తి తినవద్దన్నాడు. నమాజు చెయ్యమన్నాడు, దానం ఇమ్మన్నాడు, ఉపవాసం ఉండమన్నాడు." ఇది నా తెలుగు. సారం ఆయనది.

పరీక్షకు చదివే పిల్లల కోసం మిగతావి గబగబా చెప్పేస్తాను. కలిమా అనే విశ్వాస ప్రకటన, నమాజు, జకాత్, రంజాన్ ఉపవాసాలు, స్తోమత ఉన్నవాళ్ళకు మక్కా యాత్ర హజ్, ఇవి ఐదు మూలస్తంభాలు. జకాత్ అంటే దాచుకున్న సొమ్ములో ఏటా నూటికి రెండున్నర పేదలకు ఇవ్వడం. నమ్మాల్సినవి ఆరు: అల్లాహ్, దైవదూతలు, గ్రంథాలు, ప్రవక్తలు, తీర్పు దినం, విధి. గ్రంథాలు, ప్రవక్తలు అని బహువచనంలో అన్నాను చూడండి. మూసా, ఈసా, అంటే మోషే, యేసు కూడా మాకు ప్రవక్తలే. మరియమ్మ పేరుతో ఖురాన్‌లో ఒక అధ్యాయమే ఉంది.

జాఫర్ ఆ దర్బారులో చదివింది ఆ అధ్యాయమే. రాజు గడ్డం తడిసేలా ఏడ్చాడని, బిషప్పుల ముందున్న గ్రంథాలు తడిసిపోయాయని వలస వెళ్ళినవాళ్ళలో ఒకరైన ఉమ్మె సలమా తర్వాత చెప్పారు. మర్నాడు అమ్ర్ ఇంకో ఎత్తు వేశాడు. "యేసు గురించి వీళ్ళేమంటారో అడగండి" అన్నాడు. తేడా అక్కడే ఉంది, ఆ తేడా ఇప్పటికీ ఉంది. జాఫర్ నీళ్ళు నమలలేదు. "ఆయన దేవుని దాసుడు, దేవుని ప్రవక్త, కన్య మరియమ్మలో వేసిన దేవుని వాక్కు" అన్నాడు. రాజు నేల మీది పుల్ల ఒకటి తీసి, "నువ్వు చెప్పినదానికీ యేసుకూ ఈ పుల్లంత తేడా లేదు" అన్నాడు. దర్బారువాళ్ళు గుర్రుమన్నారు. "మీరు గుర్రుమన్నా సరే" అని, ఆ తోలు కానుకలు తిప్పి పంపేశాడు. ఆ రాజు చనిపోయినప్పుడు ప్రవక్త మదీనాలో ఉండి, ఎదుట శవం లేకుండానే ఆయన కోసం జనాజా నమాజు, అంటే చనిపోయినవాళ్ళ కోసం చేసే ప్రార్థన, చేశారు.

ఇక్కడ నా నోట్సులో "తర్వాత బహిష్కరణ, దుఃఖ సంవత్సరం, తాయిఫ్" అని ఉంది. మూడూ బాధాకరమైనవే. 619లో ఖదీజా, అబూ తాలిబ్ ఇద్దరూ పోయారు. తాయిఫ్ అనే ఊళ్ళో ప్రవక్తను పిల్లల చేత రాళ్ళు కొట్టించారు. అవి మీరు చదువుకోండి. నాకు ఆ పుల్ల దగ్గర ఇంకో సంగతి గుర్తొచ్చింది.

నాకు ఒకసారి బదిలీ అయింది. ఊరు చెప్పను. భార్య, ఇద్దరు చిన్నపిల్లలు, ఇల్లు వెతకాలి. టులెట్ బోర్డు చూసి ఒక ఇంటికి వెళ్ళాను. పెద్దాయన వరండాలో ఉన్నారు. తెలుగు మాస్టారినని చెప్పగానే కాఫీ ఇప్పించారు. ఒక పద్యం చదివితే మురిసిపోయి లోపల్నుంచి ఆవిణ్ణి కూడా పిలిచారు. అద్దె మాట్లాడుకున్నాం, అడ్వాన్సు మాట్లాడుకున్నాం. "మీ పేరు చెప్పలేదు మాస్టారూ" అన్నారు. చెప్పాను.

కాఫీ గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది. "మాకేం అభ్యంతరం లేదండీ, కింది వాటావాళ్ళు ఒప్పుకోరు" అన్నారు. మెట్లు దిగుతూ కింది వాటాలో ఉన్నాయన్ని అడిగాను. "మాకేముందండీ, పట్టింపంతా పైవాళ్ళదే" అన్నాడు. ఇద్దరూ మర్యాదస్తులే, ఒక్కరూ గొంతు పెంచలేదు. అలా పదకొండు ఇళ్ళు తిరిగాను. ఒకచోట నీసు వాసన అన్నారు, లోపల్నుంచి చేపల పులుసు వాసన వస్తూనే ఉంది.

వెనక వరసలో మనవాళ్ళు బాగా తలలూపుతున్నారు. ఆగండి బాబూ, ఆగండి. మన వీధిలో ఇళ్ళున్నవాళ్ళు ఎంతమంది కులం అడక్కుండా ఇస్తున్నారు? పొరుగువాడి గురించి దైవదూత జిబ్రయీల్ ఎంతగా చెబుతూ వచ్చాడంటే, చివరికి ఆస్తిలో వాటా కూడా ఇమ్మంటాడేమో అనుకున్నానని ప్రవక్త అన్నారు. కూర వండితే నాలుగు నీళ్ళు ఎక్కువ పోసి పక్కింటికి పంపమన్నారు. పక్కింటివాడి మతమేమిటో అడిగి పంపమనలేదు. సరే, నా కథకి వస్తాను.

పన్నెండో ఇల్లు ఒక మామ్మగారిది. భర్త లేరు, పిల్లలు దూరాన ఉన్నారు. పేరు ముందే చెప్పేశాను, కాఫీ వృథా ఎందుకని. ఆవిడ అడిగింది ఒకటే. "మున్సిపాలిటీ నీళ్ళు తెల్లవారుజామున ఐదింటికొస్తాయి మాస్టారూ. నాకు మోకాళ్ళ నొప్పులు. లేచి మోటారు వేస్తారా?" నవ్వొచ్చింది నాకు. "మామ్మగారూ, ఐదింటికి నేను ఎలాగూ తెల్లవారుజాము ఫజర్ నమాజుకు లేస్తాను" అన్నాను. "అయితే సామాను తెచ్చుకోండి" అంది. ఇంతకీ ఆ ఇంట్లో నాలుగేళ్ళున్నాం. రోజుకు ఐదు నమాజులు ఎందుకని ఎవరైనా అడిగితే మౌలానాలు చాలా కారణాలు చెబుతారు. మా మామ్మగారైతే ట్యాంకు నిండడానికి అనేది. ఒకరోజు మోటారు వేసి, నమాజులో కూర్చుని మర్చిపోయాను. ట్యాంకు పొంగి ఆవిడ వంటగది గోడ వెంట నీళ్ళు కారాయి. నేనూ మా ఆవిడా పాత దుప్పట్లు తీసుకుని దిగాం. నేల తుడుస్తుంటే నాకు అబూ అయ్యూబ్ గుర్తొచ్చారు.

ఇది నా నోట్సులో కూడా ఉంది, కాబట్టి విషయంలోకే వచ్చాను.

622లో ప్రవక్త మక్కా విడిచి యస్రిబ్‌కు వెళ్ళారు. అదే ఇప్పటి మదీనా. ఊరు ఊరంతా మా ఇంటికంటే మా ఇంటికని ఒంటె పగ్గం పట్టుకుంది. "దాన్ని వదలండి, ఎక్కడ ఆగాలో దానికి ఆజ్ఞ ఉంది" అన్నారు. ఒంటె ఆగినచోటికి దగ్గరిల్లు అబూ అయ్యూబ్ అన్సారీది. రెండంతస్తుల ఇల్లు. వచ్చిపోయేవాళ్ళకు వీలుగా ఉంటుందని ప్రవక్త కింద ఉన్నారు. ఒక రాత్రి మేడ మీద నీళ్ళ కుండ పగిలింది. నీళ్ళు కింద ప్రవక్త మీద కారతాయని భార్యాభర్తలిద్దరికీ కంగారు. ఇంట్లో ఉన్నది ఒక్కటే దుప్పటి, దాంతోనే నీళ్ళన్నీ అద్దేశారు. ఆ తర్వాత బతిమాలి ఆయన్ని మేడ మీదికి మార్చారు. ఏడు నెలలు ఆ ఇంట్లోనే ఉన్నారు.

ఒంటె ఆగిన స్థలం ఇద్దరు అనాథ పిల్లలది, సహల్, సుహైల్. ఊరికే తీసుకోమన్నారు పిల్లలు. ఆయన ఒప్పుకోలేదు, ఖరీదు కట్టి తీసుకున్నారు. పచ్చి ఇటుకలు, ఖర్జూరపు మొద్దుల స్తంభాలు, పైన ఖర్జూరపు మట్టలు. అదే మసీదు. వానొస్తే కారేది.

మక్కా నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్ళను ముహాజిర్లు అన్నారు, చోటిచ్చిన ఊరివాళ్ళను అన్సార్లు అన్నారు. ఒక్కొక్కరినీ ఒక్కొక్క ఇంటికి అన్నదమ్ములుగా జతచేశారు. సాద్ అనే అన్సారీ తన జతగాడు అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్‌తో "నా ఆస్తిలో సగం నీది" అన్నాడు. అబ్దుర్రహ్మాన్, "దేవుడు నిన్ను చల్లగా చూడాలి, నాకు బజారు దారి చూపించు చాలు" అన్నాడు. అది యూదుల బజారు. సాయంత్రానికి కాస్త నెయ్యి, కాస్త ఎండు జున్ను సంపాదించుకుని ఇంటికొచ్చాడు. ఊళ్ళోని యూదులతో ఒడంబడిక రాసుకున్నారు, వాళ్ళ ధర్మం వాళ్ళది, ముస్లింల ధర్మం ముస్లింలది అని. ఆ ఒడంబడిక తర్వాత చెడింది, నెత్తురు కూడా పారింది. బద్ర్, ఉహుద్ యుద్ధాలు వచ్చాయి. 630లో మక్కా లొంగింది, 632లో ప్రవక్త పోయారు. అదంతా ఇంకో సభకు సరిపడేంత ఉంది.

ప్రవక్త పోయాక ఆరేడేళ్ళకు ఖలీఫా, అంటే ముస్లింల పాలకుడు, ఉమర్ కాలంలో లెక్కల కోసం ఒక శకం కావాల్సి వచ్చింది. ఎక్కడ నుంచి లెక్కపెట్టాలి? ప్రవక్త పుట్టిన ఏడాదా? "చదువు" అన్న మాట వినిపించిన ఏడాదా? అవేవీ కాదని హిజ్రత్, అంటే మక్కా నుంచి మదీనాకు ఆ వలస, జరిగిన ఏడాదిని ఒకటి చేశారు. యుద్ధం గెలిచిన ఏడాదీ కాదు. ఇల్లు విడిచినవాళ్ళకు ఇంకో ఊళ్ళో ఇల్లు దొరికిన ఏడాది అది. గోడ మీద హిజ్రీ క్యాలెండరు చూసినప్పుడల్లా నాకు ఆ మామ్మగారే గుర్తొస్తుంది. పోయి చాలా కాలమైంది ఆవిడ.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. అయిపోవచ్చింది, రెండు నిమిషాలు. అసలు నేనీ సభకు ఒప్పుకున్నదే ఈ రెండు నిమిషాల కోసం.

మన ఊరికి ఈ మధ్య బదిలీ మీద ఒక అమ్మాయి వచ్చింది. గవర్నమెంటు ఉద్యోగం. భర్త వేరే ఊళ్ళో పనిచేస్తాడు, తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. మూడు వారాల నుంచి లాడ్జిలో ఉంటున్నారు. పేరు అడిగేదాకా అన్ని ఇళ్ళూ ఖాళీగానే ఉంటున్నాయట. నాకు తెలిసి ఈ హాల్లో సొంత మేడలున్నవాళ్ళు పాతిక మందికి తక్కువ లేరు. రెండు బోర్డులు ఈ పొద్దున వచ్చే దారిలో నేనే చూశాను, ఎవరివో కూడా తెలుసు, పేర్లు చెప్పను. సభ అయ్యాక టీ ఇచ్చేచోట నిలబడతాను. అద్దె, అడ్వాన్సు మీరూ ఆ అమ్మాయీ మాట్లాడుకోండి. ఐదింటికి లేచి మోటారు వేస్తుందా అని మాత్రం నేను ముందే అడిగి పెట్టాను. వేస్తానంది.