జారే భుజాన్ని కదులుతుండగా చూడాలి

అందరికీ నమస్కారం.

భుజం ఒకసారి తప్పినవాళ్లు మనకు చెప్పే మాట దాదాపు ఒకటే: "ఇప్పుడు బాగానే ఉందండీ, చెయ్యి పైకెత్తి వెనక్కి తిప్పితేనే జారిపోతుందేమోనని భయం." ఎక్స్‌రే తీస్తే ఎముక ఉండాల్సిన చోటే ఉంటుంది. ఉండదూ మరి! కదలొద్దని చెప్పి తీశాం కదా.

భుజం కీలులో చేతి ఎముక గుండు పెద్దది, అది కూర్చునే గిన్నె చిన్నది, లోతు కూడా తక్కువే. గుండులో మహా అయితే మూడో వంతు గిన్నెకు ఆనుతుంది. దాన్ని అక్కడ నిలబెట్టేది చుట్టూ ఉన్న లేబ్రమ్ (గిన్నె అంచు చుట్టూ ఉండే పట్టీ), ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్లు, గుండును చుట్టి పట్టుకునే రొటేటర్ కఫ్ కండరాలే. అందుకే దీన్ని కదుపుతూ చూడాలి. ఆ పనికి అల్ట్రాసౌండ్ చక్కగా సరిపోతుంది.

పేషెంటును కూర్చోబెట్టి, చెయ్యి ఒళ్లో పెట్టుకోమనండి. చర్మానికి ఆనించి చూసే, చదునైన ముఖమున్న లీనియర్ ప్రోబ్‌ను భుజం వెనక అడ్డంగా ఆనించండి. గుండ్రంగా వంగిన తెల్లటి గీత గుండుది, పక్కన మొనదేలి కనిపించేది గిన్నె వెనక అంచు. రెండింటి మధ్య దూరం కొలవండి. ఇప్పుడు సహాయకుడు గుండును వెనక నుంచి ముందుకు తోయాలి. స్క్రీన్‌ మీద గుండు లోతుకు దిగుతుంది. మళ్లీ కొలవండి, ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో తెలుస్తుంది.

ఆ అంకె చూసి రిపోర్టు రాసేయకండి, రెండో భుజం కూడా కొలవండి. కొందరికి పుట్టుకతోనే రెండు వైపులా వదులుంటుంది, అది జబ్బు కాదు. మొదట్లో నేను చేసిన తప్పు ఇంకోటి: భయంతో బిగుసుకుపోయిన భుజాన్ని కొలిచి "నార్మల్" అని రాసేశాను. కండరం బిగిస్తే గుండు కదలదు. రెండు నిమిషాలు కబుర్లు చెప్పి, వదులయ్యాకే తోయండి.

ఫిట్స్, కరెంట్ షాక్ తర్వాత వెనక్కి తప్పిన భుజం ముందు నుంచి తీసిన ఎక్స్‌రేలో తరచూ తప్పించుకుంటుంది. వెనక నుంచి ప్రోబ్ పెడితే దొరికిపోతుంది. నలభై దాటినవాళ్లలో భుజం తప్పాక కఫ్ చిరిగిందా అన్నదీ అక్కడే చూసేయొచ్చు. లేబ్రమ్ ముందు భాగం మాత్రం లోతున ఉంటుంది, దాన్ని దీంతో తేల్చలేం. దానికి ఎమ్మార్ ఆర్థ్రోగ్రామ్ (కీలులోకి మందు ఎక్కించి తీసే ఎమ్మారై), గిన్నె అంచు ఎముక అరిగిందేమో చూడటానికి సీటీ కావాలి.

సరే, మీలో ఒకరు ముందుకు రండి. భుజం ఎప్పుడూ తప్పనివాళ్లయితే మేలు.