మేకుకు ఎలా తెలిసింది?

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సభికులందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేసినవారు చెప్పిన విశేషాల్లో సగం నేను కూడా ఇప్పుడే వింటున్నాను కనుక, వాటి జోలికి పోకుండా నేరుగా విషయంలోకి వస్తాను.

ఈ బల్ల మీద ఒక చిన్న ఇనుప మేకు ఉంది. దానికి కట్టిన దారం రెండో కొసను బల్లకు అతికించాను. పైన చెక్క స్టాండుకు ఒక అయస్కాంతాన్ని బిగించాను. మేకు పైకి లేచి, దారం బిగుసుకునేంతగా అయస్కాంతం వైపు లాగుతూ, దానికి వేలెడు దూరంలో గాలిలో నిలబడిపోయింది. వెనుక వరుసలవారికి కనబడకపోతే కాస్త లేచి చూడండి. ఆ ఖాళీలోంచి ఈ కాగితాన్ని అటూ ఇటూ జరుపుతున్నాను; మేకు చలించడం లేదు. దారాన్ని వేలితో మీటితే మేకు సన్నగా వణికి, మళ్లీ అదే చోట కుదురుకుంటోంది.

నాకు పన్నెండేళ్లప్పుడు తరగతిలో ఇలాంటి ప్రయోగమే చూసి, అయస్కాంతం ఫలానా చోట ఉందని మేకుకు ఎలా తెలిసిందని అడిగాను. అది అయస్కాంతం స్వభావం, పుస్తకంలో ఉన్నది రాసుకో అన్నారు. తరగతి అంతా నవ్వింది. నవ్వినందుకు నాకు బాధ లేదు. ఆ ప్రశ్న తెలివితక్కువదని నేనే నమ్మి, చాలా ఏళ్లపాటు మళ్లీ నోరెత్తకపోవడమే ఈనాటికీ గుచ్చుకుంటుంది.

తీరా చూస్తే ఆ ప్రశ్న న్యూటన్‌ను కూడా పీడించింది. 1687లో వెలువడిన ‘ప్రిన్సిపియా’లో ఆయన చంద్రుణ్ణీ, సముద్రపు పోటునూ, గ్రహాల కక్ష్యలనూ ఒకే గురుత్వ నియమం కిందికి తెచ్చాడు. లెక్కలు సరిపోయాయి. అయినా 1693లో మతపండితుడు రిచర్డ్ బెంట్లీకి రాసిన లేఖలో, మధ్యవర్తి ఏదీ లేకుండా ఒక వస్తువు శూన్యంలోంచి మరో వస్తువు మీద పనిచేస్తుందనడం ఎంత అసంబద్ధమంటే, తత్త్వవిచారం చేయగల వారెవరూ దాన్ని అంగీకరించలేరన్న భావాన్ని ఆయన నిర్మొహమాటంగా వ్యక్తం చేశాడు. గురుత్వ నియమాన్ని కనిపెట్టినవాడే దాని పనితీరు తనకు మింగుడుపడలేదని ఒప్పుకున్న ఈ సంగతిని, ఉపాధ్యాయ మిత్రులారా, దయచేసి పిల్లలకు చెప్పండి. నియమం చెప్పిన రోజే చెప్పండి.

గురుత్వ, విద్యుత్, అయస్కాంత బలాలను వరుసగా వివరిద్దామని నేను కాగితం మీద రాసుకొచ్చాను. ఆ వరుస పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే కనుక, ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంటున్నాను. మేకు దగ్గరికే వెళదాం.

ఈ ప్రశ్నకు దారి చూపినవాడు మైకేల్ ఫారడే. కమ్మరి కొడుకుగా పుట్టి, పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పని నేర్చుకున్న ఆయనకు ఉన్నత గణితం రాదు. అందువల్లనే కాబోలు, సమీకరణం వైపు కాక ఖాళీ వైపు చూశాడు. అయస్కాంతం మీద కాగితం పరచి ఇనుప రజను చల్లి మెల్లగా తడితే, రజను ఒక ధ్రువం నుంచి మరో ధ్రువానికి వంపులు తిరిగిన గీతలుగా సర్దుకుంటుంది. అంతకుముందు ఎందరో చూసిన దృశ్యమే అది. ఫారడే మాత్రం, రజను లేనప్పుడు కూడా ఆ చోట ఏదో ఉందని పట్టుబట్టాడు. 1831లో తీగచుట్టలోకి అయస్కాంతాన్ని దూర్చినప్పుడూ, బయటికి లాగినప్పుడూ మాత్రమే తీగలో విద్యుత్తు పుట్టడం చూశాక ఆ పట్టు మరింత బిగిసింది. ఆ ‘ఏదో’నే మనం క్షేత్రం అంటున్నాం. మేకుకు దూరాన ఉన్న అయస్కాంతంతో పని లేదు. తాను ఉన్న చోట క్షేత్రం ఎలా ఉందో అదే దానికి ముఖ్యం.

ఇది మాటల గారడీ అని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. క్షేత్రం కేవలం కల్పన కాదని తేల్చినది, ఒక చోటి మార్పు మరో చోటికి చేరడానికి పట్టే ఆలస్యం. భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ 1865లో ప్రచురించిన సమీకరణాల ప్రకారం, క్షేత్రంలో పుట్టిన కదలిక సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో తరంగంగా సాగాలి. అది కాంతి వేగమే! 1880ల చివర్లో హెర్ట్జ్ అటువంటి తరంగాలను ప్రయోగశాలలో పుట్టించి, దూరంగా పెట్టిన తీగ కొసల మధ్య సన్నని ఖాళీలో చిన్న నిప్పురవ్వగా పట్టి చూపాడు. గురుత్వం కూడా ఇందుకు మినహాయింపు కాదని 2015 సెప్టెంబర్ 14న రుజువైంది. సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు కృష్ణబిలాలు కలిసిపోయినప్పుడు పుట్టిన ప్రకంపనను, దాదాపు 3,000 కిలోమీటర్ల ఎడంతో ఉన్న గురుత్వ తరంగాలను పట్టే రెండు లైగో పరికరాలు సుమారు 7 మిల్లీసెకన్ల తేడాతో పసిగట్టాయి. ఆ తేడా చూసినప్పుడల్లా, దారిలో నడిచి వచ్చే మనిషి ఒక గుమ్మం దాటాక ఇంకో గుమ్మం దాటినట్లు నాకు తోస్తుంది.

ఇక నా అసలు ఫిర్యాదు. బలాలను స్పర్శా బలాలు, క్షేత్ర బలాలు అని రెండుగా విడగొట్టి, మొదటివి మామూలువి, రెండోవి వింతైనవి అన్నట్లు బోధిస్తున్నాం. నేను ఈ బల్ల మీద అరచేయి ఆనించాను. దీన్ని తాకడం అంటున్నాం. అయితే నా చేతిలోని పరమాణువుల ఎలక్ట్రాన్లూ, బల్లలోని ఎలక్ట్రాన్లూ దగ్గరపడేకొద్దీ విద్యుత్ వికర్షణ వల్లా, ఒకే స్థితిలో రెండు ఎలక్ట్రాన్లు ఉండరాదన్న పౌలి నియమం వల్లా ఒకదాన్నొకటి చొరనివ్వడం లేదు. నా చేతిని ఆపుతున్నది అదే. ఘర్షణకూ, దారంలోని తన్యతకూ మూలం వెతికితే అక్కడికే చేరతాం. మేకును కిందికి పట్టిన దారాన్ని స్పర్శ ఖాతాలోనూ, పైకి లాగే అయస్కాంతాన్ని క్షేత్రం ఖాతాలోనూ వేస్తున్నాం గానీ, రెండు చోట్లా పని చేస్తున్నది విద్యుదయస్కాంత బలమే. లెక్కల సౌకర్యం కోసం ఆ విభజన ఉండనివ్వండి. ప్రకృతిలోనే అలా ఉందని మాత్రం చెప్పకండి.

ఇంకొక్క మాట. ఈ మేకును భూమి మొత్తం కిందికి లాగుతోంది. పిడికిట్లో పట్టే అయస్కాంతం ఆ భూమిని ఓడించి మేకును గాలిలో నిలబెట్టింది. హైడ్రోజన్ పరమాణువులో ప్రోటాన్, ఎలక్ట్రాన్ల మధ్య ఉండే విద్యుదాకర్షణ, వాటి గురుత్వాకర్షణకు సుమారు 2 పక్కన 39 సున్నాలు పెట్టినన్ని రెట్లు. అంత బలహీనమైన గురుత్వం గ్రహాలను ఏలుతున్నదంటే కారణం ఇదీ: పెద్ద వస్తువుల్లో ధన, రుణావేశాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ద్రవ్యరాశికి అలాంటి రద్దు లేదు, పోగుపడుతూనే ఉంటుంది.

కాగితం అడ్డుపెట్టినా మేకు పడలేదని చూశారు. ఇదిగో, ఇది మందపాటి ఇనుప రేకు. ముందు వరుసలోని పిల్లల్లో ఒకరు వచ్చి దీన్ని అయస్కాంతానికి ఆనించి మెల్లగా ఆ ఖాళీలోకి జరపండి. ఆగండి, ఇప్పుడే కాదు. మిగిలినవారు మేకు ఏమవుతుందో, ఎందుకో ముందు కాగితం మీద రాసుకోండి.