జెన్ ఇంజిన్ బిగించిన మారుతి 800: ఉచితంగా వచ్చిన మౌంటింగుల కిట్టుపై నా రివ్యూ

ప్రేక్షక మిత్రులందరికీ నమస్కారం. అసలు విషయంలోకి వెళ్లే ముందు ఒక మాట చెప్పాలి. ఈ బల్ల మీద కనిపిస్తున్న పసుపు రంగు పాలీయూరిథేన్ (క్లుప్తంగా పాలీ, రబ్బరు కంటే గట్టిగా చేసిన ప్లాస్టిక్ లాంటి పదార్థం) ఇంజిన్ మౌంటింగుల కిట్టును, అంటే ఇంజిన్‌ను కారు బాడీకి పట్టి ఉంచే భాగాలను, తయారీదారులు నాకు ఉచితంగా పంపించారు. నేను వారి వద్ద డబ్బు తీసుకోలేదు. వీడియోను ముందుగా వారికి చూపించాలన్న షరతుకు కూడా ఒప్పుకోలేదు. సంస్థ పేరు నేను చెప్పడం లేదు. కిట్టు ధర, కొలతలు, ఏయే కార్లకు సరిపోతుంది అన్న వివరాలు మీలో చాలామంది ఇప్పటికే చూసే ఉంటారు కనుక, వాటిని మళ్లీ చదివి మీ సమయం తీసుకోను. దీనిని కారుకు బిగించి నడిపినప్పుడు ఏం జరిగిందో, దానివల్ల నాకు ఎందుకు కోపం వచ్చిందో చెప్పడమే ఈ వీడియో ఉద్దేశం.

కిట్టును పరీక్షించిన కారు మా మేనల్లుడిది, వాడు దానిని పోటీల కోసం తయారుచేసుకుంటున్నాడు. వాడి వయసు 17 ఏళ్లు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. రెండు వేసవి సెలవుల్లో రొయ్యల చెరువుల ఏరియేటర్ల గేర్‌బాక్సులు విప్పి బాగుచేసే పనికి వెళ్లి కూడబెట్టుకున్న డబ్బుతో, పి.గన్నవరం వైపు ఒక లంక గ్రామంలో పడివున్న 1997 నాటి మారుతి 800ను 18 వేల రూపాయలకు కొన్నాడు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటి, లంకలన్నీ మునిగిన రోజుల్లో ఆ కారు కిటికీల దాకా నీటిలో నిలబడి ఉంది. నీరు తీసిన తరువాత దానిని ఎవరూ పట్టించుకోలేదు. వాడు కొన్ననాటికి డ్రైవరు సీటు కింద నేల రేకు బొటనవేలితో నొక్కితే పొరలు పొరలుగా రాలేది. ఈ తుప్పు సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నా తీర్పు చివరకు దాని మీదే ఆధారపడి ఉంది.

ఆ కారులో పుట్టుకతో వచ్చినది 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజిన్. దాని శక్తి 37 హార్స్‌పవర్. వాడు దాని స్థానంలో పాత మారుతి జెన్‌కు చెందిన 993 సీసీల నాలుగు సిలిండర్ల కార్బురేటర్ ఇంజిన్‌ను, అయిదు గేర్ల గేర్‌బాక్స్‌తో సహా రాజమహేంద్రవరంలోని ఒక పాత సామాను దుకాణంలో 24 వేలకు తీసుకున్నాడు. అది 50 హార్స్‌పవర్ ఇస్తుంది. ఇంధనాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో అందించే తరువాతి జెన్ ఇంజిన్ 60 ఇస్తుంది కదా, అదే తీసుకోవలసిందని నేను అన్నాను. "దానికి ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు, కావాలి, సెన్సార్లు కావాలి, వేరే పంపు కావాలి, వైరింగ్ అంతా మార్చాలి మావయ్యా, ఆ డబ్బుతో నేను బ్రేకులు కొత్తవి వేసుకుంటాను" అని వాడు సమాధానమిచ్చాడు. దుకాణంలోనే బ్యాటరీ తగిలించి, స్టార్టర్‌తో తిప్పి, నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్, అంటే లోపలి గాలి ఒత్తిడి, కొలిచి, 160 నుంచి 170 పీఎస్‌ఐ మధ్య ఉన్నదని చూసుకున్న తరువాతే డబ్బు చేతికిచ్చాడు. ఆ ఓపిక నాకు ఆ వయసులో లేదు. నేటివరకు కారు మీద వాడు పెట్టిన మొత్తం 68 వేల రూపాయలు.

రేడియేటర్, సైలెన్సర్ గొట్టం, యాక్సిల్ షాఫ్టుల గురించి ఎక్కువ చెప్పను. షాఫ్టు లోపలి కొస జెన్ గేర్‌బాక్స్‌కు, బయటి కొస 800 హబ్‌కు సరిపోవాలి, నిడివి కూడా కుదరాలి. ఆ పని రెండు వారాలు పట్టింది, పూర్తయింది. ఈ కారులో నన్ను కట్టిపడేసినది ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే మూడు బ్రాకెట్లు. కెమెరాను దగ్గరకు తెస్తున్నాను, చూడండి. కొబ్బరి కొట్టు దూలానికి చైన్ పుల్లీ కట్టి, ఇంజిన్‌ను గాలిలో వేలాడదీసి, తాపీ మేస్త్రులు వాడే నీళ్ల గొట్టంతో మట్టం చూసి, రెండు పక్కలా షాఫ్టులు ఒకే ఎత్తులో ఉండేటట్లు నిలిపాడు. తరువాత ఫ్యాను అట్టపెట్టెను కత్తిరించి, ఇంజిన్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఖాళీకి సరిపోయే నమూనాలు తయారుచేసుకున్నాడు. ఒక్కొక్క నమూనాను నాలుగైదుసార్లు మార్చాడు. ఆ అట్టముక్కలను 5 మిల్లీమీటర్ల ఇనుప ప్లేటు మీద పరిచి గీతలు గీసి, పాలకొల్లులో పడవ ఇంజిన్ల షాఫ్టులు తిప్పే లేతు మేస్త్రి గారి దగ్గర కోయించి, రంధ్రాలు వేయించాడు. ఆయన బోల్టు రంధ్రాలను గుండ్రంగా వేయకుండా కొంచెం పొడవుగా వేశారు. బిగించేటప్పుడు ఇంజిన్‌ను కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ జరుపుకొనే వీలుంటుందని అలా చేశారు. వెల్డింగు ముందుగా చుక్కలుగా పెట్టి, ఇంజిన్ దించి చూసుకుని, మళ్లీ పైకి లేపి, అప్పుడు పూర్తిగా వేశారు.

మౌంటింగు చేసే పనేమిటో కొంచెం వివరంగా చెప్పాలి. ఇంజిన్ బరువు మోయడం అందులో సులువైన భాగం. ఈ కార్లలో ఇంజిన్ అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పుతుంది కనుక, మొదటి గేర్‌లో ఇంజిన్ తిప్పుడు బలం పది రెట్లకు పైగా పెరిగి చక్రాలకు చేరుతుంది. అంతే బలం వెనక్కి తిరిగి ఇంజిన్‌ను దాని గూటిలోనే పొర్లించాలని చూస్తుంది. మౌంటింగు మెత్తగా ఉంటే ఇంజిన్ ఊగుతుంది, గేర్ రాడ్డు ఊగుతుంది, గేర్ తప్పుతుంది. గట్టిగా ఉంటే ఇంజిన్ కదలదు. అయితే ఇంజిన్‌లో పుట్టే ప్రతి అదురూ బాడీలోకి నేరుగా వెళుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 850 చుట్లతో ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు సెకనుకు సుమారు 28 పేలుళ్లు జరుగుతాయి. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఆ సంఖ్య పెరుగుతూ పోతుంది. వాటిని మధ్యలో మింగవలసినది రబ్బరు. రబ్బరు లాంటివాటి గట్టితనాన్ని కొలిచే షోర్ ఏ స్కేలు మీద మామూలు మౌంటింగు రబ్బరుది 50, 60 ప్రాంతంలో ఉంటుంది. ఈ పసుపు కిట్టు మీద 90 అని అచ్చువేశారు.

కిట్టును బిగించే ముందే నాకు మొదటి అసంతృప్తి కలిగింది. ఇది బుష్, అంటే మౌంటింగులో కూర్చునే పాలీ దిమ్మ. ఇది దాని లోపల దూర్చే ఉక్కు స్లీవ్, అంటే బోల్టు దూరే గొట్టం. వెర్నియర్‌తో కొలుస్తున్నాను: బుష్ పొడవు 60.2 మిల్లీమీటర్లు, స్లీవ్ పొడవు 59.1. ఇది తలకిందులుగా ఉండాలి. స్లీవ్ కొంచెమైనా పొడవుగా ఉంటేనే బోల్టు బిగింపు ఉక్కు మీద పడుతుంది, బుష్ తన పని తాను చేసుకుంటుంది. స్లీవ్ పొట్టిదైతే బిగింపు అంతా పాలీ మీద పడుతుంది. అది నలిగి, చదునై, కొన్నాళ్లకు బోల్టు వదులవుతుంది. ఒక ముక్కలో తేడా వచ్చి ఉంటుందని అనుకుని మూడూ కొలిచాను. మూడూ ఇలాగే ఉన్నాయి. లేతు మేస్త్రి గారు వాటిని చేతిలోకి తీసుకుని, కొలవకుండానే, "స్లీవు కురచగా ఉందండి, నేను వేరేవి లేతు మీద తిప్పి ఇస్తాను" అన్నారు. ఆయన తిప్పి ఇచ్చిన స్లీవులతోనే పరీక్ష చేశాము. తయారీదారులు చేయవలసిన పనిని పాలకొల్లులో ఒక మేస్త్రి చేతిలో పెట్టడం నాకు ఏమాత్రం నచ్చలేదు.

ఎక్కడ నడిపామో కూడా చెప్పాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న ఇంజిన్‌ను రవాణా అధికారుల అనుమతి లేకుండా మార్చి రోడ్డు మీద తిప్పకూడదు. పైగా 18 ఏళ్లు నిండనివాడు కారు నడిపితే, 2019లో చేర్చిన 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకు లేదా వాహన యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా ఉన్నాయి. అందుచేత ఈ కారు తన చక్రాల మీద రోడ్డెక్కలేదు. ట్రాక్టరు ట్రక్కులో ఎక్కించి తీసుకువెళ్లాము. సార్వా ధాన్యం వెళ్లిపోయి, దాళ్వా కోతలకు ఇంకా సమయం ఉన్న ఫిబ్రవరిలో, తెలిసినవారి రైస్ మిల్లులో ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం ఖాళీగా ఉంటే, గేటు వేసి, అనుమతి తీసుకుని, నేను పక్కన కూర్చుని నడిపించాను. కోనుల బదులు ఎనిమిది కొబ్బరి డొక్కలు వరుసగా పెట్టాము. వాటి మధ్యనుంచి మెలికలు తిరుగుతూ వెళ్లి, చివర మలుపు తీసుకుని తిరిగి రావాలి. కోనుల మధ్య కారును సమయంతో పోటీపడి నడిపే ఆటోక్రాస్ పోటీలలో ఉండేది దాదాపు ఇటువంటి పరీక్షే.

కిట్టుతో మొదటి పది నిమిషాలు నేను సంతోషించాననే చెప్పాలి. రెండో గేరు పడవలసిన చోట పడుతోంది. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు ఇంజిన్ ఊగిన శబ్దం లేదు. ఆ తరువాత కారును ఐడ్లింగ్‌లో నిలిపాము. లోపలి అద్దంలో వెనుక ఉన్న మిల్లు బోర్డు అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనిపించాయి. డ్యాష్‌బోర్డు మీద పెట్టిన మంచినీళ్ల గ్లాసు తనంతట తానే అంచుదాకా నడిచి వచ్చింది. స్టీరింగ్ పట్టుకున్న అరచేతులు తిమ్మిరెక్కాయి. 40 నిమిషాలకు ఎయిర్ ఫిల్టర్ డబ్బా నట్టు ఊడి కింద పడింది.

ఇదే అనుభవం నాకు నాలుగేళ్ల కిందట సొంత కారులో ఎదురైంది. అప్పుడు వేరొకరు తయారుచేసిన పాలీ బుష్‌ను డబ్బు పెట్టి కొని, వెనుక మౌంటింగులో వేయించాను. రావులపాలెం నుంచి అమలాపురం వరకు రోజూ తిరిగేవాణ్ని. మూడు వారాలకు సైలెన్సర్ గొట్టం జాయింటు దగ్గర పగిలింది. ఆ పగులు కంటే మా అమ్మ మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. మోకాళ్ల నొప్పులకు డాక్టరు దగ్గరకు తీసుకువెళుతుంటే, "కాళ్ల కింద నేల అదురుతోందిరా అబ్బాయ్, కాసేపు ఆపు" అని ఆవిడ దారిలో రెండుసార్లు కారు దిగవలసి వచ్చింది. మరునాడే పాత రబ్బరు వేయించాను. అయితే అది ఇంటి కారు. ఇది పోటీ కారు కదా, పోటీలో సుఖం ఎవరు కోరుకుంటారు అన్న వాదన న్యాయమైనదే. ఆ వాదనను గౌరవించే రెండో రోజు కూడా అదే కిట్టుతో నడిపించాను.

రెండో రోజు సాయంత్రం మేనల్లుడు బానెట్ ఎత్తి, టార్చి పెట్టి, చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డాడు. కుడివైపు బ్రాకెట్ కూర్చునే చోట, తుప్పు కోసివేసి కొత్త రేకు అతికించిన టింకరింగ్ పని అంచున, రంగులో వెంట్రుకలాంటి గీత ఒకటి కనిపించింది. గోరుతో రాస్తే గోరు అందులో తగులుకుంది. రంగు గీకి చూశాము. మూడు సెంటీమీటర్ల మేర రేకు చీలింది.

ఈ కిట్టుతో నా తగాదా అంతా ఆ మూడు సెంటీమీటర్ల గురించే. కొత్తగా, గట్టిగా ఉన్న బాడీలో, వెల్డింగులన్నీ బిగుతుగా ఉన్నచోట ఈ గట్టి మౌంటింగు పనిచేయవచ్చు. కానీ తక్కువ డబ్బుతో పోటీ కారు తయారుచేసుకునే కుర్రవాడికి దొరికేది పాతికేళ్ల నాటి కారు. మన డెల్టాలో అయితే ఉప్పుగాలి తిన్నదో, వరదలో నానినదో దొరుకుతుంది. అటువంటి బాడీలో అతుకులే బలహీనం. అదురును రబ్బరు మింగకపోతే అతుకు మింగవలసి వస్తుంది. కిట్టుతో పాటు వచ్చిన కాగితంలో "పాత కార్లలో ఇంజిన్ మార్పిడికి అత్యుత్తమం" అని రాశారు. బాడీ పరిస్థితి చూసుకోండి అన్న హెచ్చరిక ఒక్క వాక్యమైనా లేదు. ఫోను చేసి చెబితే, రేసింగ్ అంటే అలాగే ఉంటుందని సమాధానం వచ్చింది. 17 ఏళ్ల పిల్లవాడు, పక్క సీటులో మరొక మనిషి కూర్చున్న కారులో, ఇంజిన్‌ను పట్టుకున్న రేకు చీలుతుంటే ఆ సమాధానం సరిపోదు. దీనిని నేను తేలిగ్గా తీసుకోలేను.

చీలిక కొసలలో చిన్న రంధ్రాలు వేసి అది పాకకుండా ఆపి, వెల్డింగు చేసి, పైన దళసరి ప్లేటు వేసిన తరువాత, కంపెనీ కారుకు వచ్చే మామూలు రబ్బరు మౌంటింగులను వేశాము. ఇంజిన్ పొర్లకుండా మేనల్లుడు ఒక టార్క్ రాడ్డు చేశాడు: చిన్న ఇనుప గొట్టం, రెండు కొసలకూ లారీ షాక్ అబ్జార్బర్‌లో వాడే రబ్బరు బుష్షులు. దానికి అయిన ఖర్చు 450 రూపాయలు. మళ్లీ అదే కళ్లం, అవే డొక్కలు, అవే టైర్లు. కిట్టుతో వాడి ఉత్తమ సమయం 41.6 సెకన్లు. రబ్బరుతో 41.8. గేరు కిట్టుతో పడినంత కచ్చితంగా పడలేదని వాడు ఒప్పుకున్నాడు. నేనూ నడిపి చూసి ఒప్పుకున్నాను. కుడివైపు పొడవు మలుపులో కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు ఒక పక్కకు చేరి ఇంజిన్ తడబడుతోంది. ఆ గిన్నెలో పెట్రోలు ఎత్తును నిలిపే ఫ్లోట్ మట్టం సరిచేసుకుంటే ఆ సెకనులో రెండు పదో వంతులు అక్కడే తిరిగి వస్తాయని నా నమ్మకం. అద్దంలో మిల్లు బోర్డు మాత్రం ఇప్పుడు స్పష్టంగా చదవగలుగుతున్నాను.

కనుక ఈ కిట్టును పాత బాడీలో వేసుకోమని నేను చెప్పను. స్లీవు కొలత సరిచేసి, గట్టితనం 70 ప్రాంతంలో మరొక రకం చేసి, బాడీ గురించి హెచ్చరిక అచ్చువేస్తే మళ్లీ పరీక్షిస్తాను. కారు విషయంలో మాత్రం నా మనసులో ఎటువంటి సందేహమూ లేదు: అట్టపెట్టె ముక్కలతో మొదలై ఇంత శుభ్రంగా కూర్చున్న ఇంజిన్‌ను నేను పెద్ద గ్యారేజీలలో కూడా అరుదుగా చూశాను. నవంబరులో వాడికి 18 నిండుతాయి. లైసెన్సు, పోటీ లైసెన్సు రెండూ చేతికి వచ్చిన తరువాత, 1990 నుంచి నడుస్తున్న చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాకును ముందుగా ప్రేక్షకుడిగా చూపించి తీసుకువస్తానని మాట ఇచ్చాను. ఈలోగా కొత్త బ్రేకు పైపులు వేయాలి. నేల రేకులో ఇంకా రెండు అతుకులు మిగిలి ఉన్నాయి.

కిట్టును అదే పెట్టెలో సర్ది, వెర్నియర్ కొలతలు రాసిన కాగితాన్ని, చీలిన రేకు ఫోటోను లోపల పెట్టి, ఈ ఉదయమే తయారీదారులకు తిరిగి పంపించాను.