ఆరూ బలమైనవే, అయినా ఎందుకు ఓడిపోతాం? పోకెమాన్ టీమ్ కట్టే పద్ధతి

(స్క్రీన్ మీద గార్చాంప్. పక్కన పెద్ద అంకెల్లో 600)

నమస్తే అందరికీ. పోకెమాన్ అంటే చిత్రమైన జీవుల్ని పెంచి ఒకదానితో ఒకటి పోటీకి దింపే వీడియో గేమ్. అందులో గార్చాంప్ అనే పోకెమాన్ అంటే ఆడేవాళ్లకి ఎంత ఇష్టమో చెప్పక్కర్లేదు. దాని ఆరు స్టాట్లు, అంటే బలాబలాల అంకెలు, కలిపితే 600. వేగం ఉంది, దెబ్బలో బలం ఉంది, తట్టుకునే శక్తీ ఉంది. అలాంటిది ఐస్ బీమ్ అనే ఒక్క దెబ్బకి కూలిపోతుంది. ప్రతి పోకెమాన్‌కీ ఒకటో రెండో టైపులు, అంటే రకాలు ఉంటాయి. ఏ దెబ్బ దానికి ఎంత తగులుతుందో వాటిని బట్టే. గార్చాంప్‌ది డ్రాగన్, గ్రౌండ్ టైపుల కలయిక. ఐస్ దెబ్బ డ్రాగన్‌కి రెండింతలు తగులుతుంది, గ్రౌండ్‌కీ రెండింతలే. మొత్తం నాలుగింతలు.

కాబట్టి గార్చాంప్‌ని టీమ్‌లో పెట్టేటప్పుడే ఒక ప్రశ్న వేసుకోవాలి. ఐస్ దెబ్బ వచ్చేసరికి దీని బదులు ఎవరు దిగుతారు? ఈ వీడియో అంతా ఆ ప్రశ్న గురించే.

(కబ్బన్ పార్క్, చెట్ల కింద ఫోన్లతో నిలబడ్డ కుర్రాళ్లు)

ఇక్కడ బెంగళూరులో ఆదివారాలు మేం కొందరం కబ్బన్ పార్కులో కలిసి ఫోన్‌లో ఆడే పోకెమాన్ గో ఆడతాం. మారతహళ్లి పీజీల నుంచి వచ్చే మన తెలుగువాళ్లు ఉంటారు. వాళ్లలో నెల్లూరు కుర్రాడొకడు అందులోని మాస్టర్ లీగ్ అనే మూడు పోకెమాన్ల పోటీ గురించి అడిగాడు. "అన్నా, మాస్టర్ లీగ్‌లో డ్రాగనైట్, సాలమెన్స్, గార్చాంప్ పెట్టా. మూడూ టాపే కదా, అయినా వరసగా ఓడిపోతున్నానేంటన్నా?" ఆ మూడింటినీ పెంచడానికి వాడు స్టార్‌డస్ట్ ఎంత ఓపిగ్గా కూడబెట్టాడో నాకు తెలుసు. తప్పు ఆ పోకెమాన్లలో లేదు. మూడింటి బలహీనతా ఒకటే, ఐస్. పోకెమాన్ గోలో రెండింతల బదులు 1.6 రెట్లు లెక్క. రెండు టైపులూ బలహీనమైతే 2.56. అవతలివాడి దగ్గర ఐస్ దెబ్బ కొట్టే మామోస్వైన్ ఒక్కటి ఉంటే చాలు, మూడింటినీ అదే చూసుకుంటుంది. "సాలమెన్స్ తీసేసి గ్యారడాస్ పెట్టు తమ్ముడూ" అన్నాను. గ్యారడాస్‌ది వాటర్, ఫ్లయింగ్. ఐస్ దానికి మామూలుగానే తగులుతుంది, దాని వాటర్ దెబ్బ మాత్రం మామోస్వైన్‌కి గట్టిగా తగులుతుంది.

ఇప్పుడు అసలు గేమ్‌కి వద్దాం. ఇక్కడ ఆరు పోకెమాన్లు, ఒక్కోదానికి నాలుగు మూవ్‌లు, అంటే ఆటలో వాడే దెబ్బలు, ఎత్తులు. టైపులు మొత్తం 18. ఇంత పట్టిక చూసి కంగారు పడొద్దు. మీకు బాగా ఇష్టమైన ఒక్కదానితో మొదలుపెట్టండి. నేను గార్చాంప్‌నే తీసుకుంటాను.

(స్క్రీన్ మీద: గార్చాంప్, దాని కింద ఐస్, డ్రాగన్, ఫెయిరీ)

దీని బలహీనతలు ఈ మూడే. ఈ మూడింటినీ తట్టుకునేది ఎవరు? హీట్రాన్. ఫైర్, స్టీల్. ఐస్, ఫెయిరీ దానికి పావు వంతే తగులుతాయి, డ్రాగన్ సగం. హీట్రాన్‌కి మళ్లీ గ్రౌండ్ అంటే నాలుగింతల భయం. వాటర్, ఫైటింగ్ కూడా పడవు. అప్పుడు వాషింగ్ మెషిన్ రూపంలో ఉన్న రోటమ్ వస్తుంది. లెవిటేట్ అనే ఎబిలిటీ, అంటే దానికి సహజంగా ఉండే గుణం వల్ల గాల్లో తేలుతుంది కాబట్టి గ్రౌండ్ మూవ్‌లు దానికి తగలవు. వాటర్ సగమే. దాని బలహీనత ఒక్క గ్రాస్, ఆ గ్రాస్ హీట్రాన్‌కి పావు వంతు. చూశారా, ఒకదానికి ప్రాణాంతకమైన దెబ్బ పక్కదానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మిగిలింది ఫైటింగ్. దానికి క్లెఫేబుల్. ఫెయిరీ కాబట్టి ఫైటింగ్ సగమే తగులుతుంది, డ్రాగన్ అసలు తగలదు. దానికి పడనివి పాయిజన్, స్టీల్. ఆ రెండూ వచ్చినప్పుడు మళ్లీ హీట్రాన్‌నే దింపొచ్చు.

నాకు ఈ గేమ్‌లో అన్నిటికంటే ఆనందం ఇచ్చేది ఇదే. గెలుపు కంటే కూడా.

కథ ఆడుతూ టీమ్ కడుతున్నవాళ్లకి హీట్రాన్ మొదట్లో దొరకదు. ఏదైనా స్టీల్ టైప్‌ని పెంచుకోండి. ఐస్, డ్రాగన్, ఫెయిరీ మూడూ స్టీల్‌కి సగమే.

టైపులు కుదిరినా ఒక చిక్కు ఉంది. దెబ్బలు రెండు రకాలు. ఫిజికల్ దెబ్బని డిఫెన్స్ ఆపుతుంది, స్పెషల్ దెబ్బని స్పెషల్ డిఫెన్స్. మీ టీమ్‌లో అందరూ ఫిజికల్‌గానే కొట్టేవాళ్లయితే అవతలివాడి స్కార్మరీ ఒక్కటే గోడలా అడ్డం నిలబడుతుంది. దాని డిఫెన్స్ 140. కానీ స్పెషల్ డిఫెన్స్ 70 మాత్రమే. స్పెషల్‌గా కొట్టేవాళ్లు ఒకరిద్దరు మీ దగ్గర ఉంటే ఆ గోడ అంత కష్టం కాదు.

(స్క్రీన్ మీద: 2014, వాషింగ్టన్ డీసీ. చిన్న తెల్ల ఉడుత)

బలం కంటే పని ముఖ్యం అని ఎవరైనా నమ్మకపోతే వాళ్లకి నేను పచిరిసు అనే ఈ ఉడుత పోకెమాన్‌నే చూపిస్తాను. స్టాట్ల మొత్తం 405. మామూలుగా ఎవరూ పట్టించుకోరు. 2014 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కొరియాకు చెందిన సే జున్ పార్క్ దీన్ని టీమ్‌లో పెట్టుకుని విజేత అయ్యాడు. అది డబుల్స్ ఆట, ఒకేసారి ఇద్దరికి ఇద్దరు. పార్క్ టీమ్‌లో గ్యారడాస్ ఉంది. గ్యారడాస్‌కి ఎలక్ట్రిక్ నాలుగింతలు. పచిరిసు "ఫాలో మీ" వాడితే ఒక్కరి మీదికి వచ్చే దెబ్బలు తన వైపు తిరుగుతాయి. దాని ఎబిలిటీ వోల్ట్ అబ్జార్బ్. అంటే ఆ వచ్చింది ఎలక్ట్రిక్ దెబ్బ అయితే దెబ్బ తగలకపోగా హెచ్‌పీ, అంటే ప్రాణశక్తి పెరుగుతుంది. పక్కన గ్యారడాస్ నిశ్చింతగా తన పని చూసుకుంటుంది. వేల ఆటలు ఆడినవాళ్లు కూడా ఆ రోజు నోరెళ్లబెట్టి చూశారు. నాకైతే పోకెమాన్ ఆటల్లో ఇంతకంటే అందమైన టీమ్ ఎంపిక ఇంకోటి కనబడలేదు.

టీమ్ కట్టాక కొన్ని ఆటలు ఆడండి. ఓడిన ప్రతిసారీ ఏ దెబ్బకి, ఎవరు దిగాల్సిన చోట ఎవరూ లేకపోయారో రాసుకోండి. ఒకే పేరు మళ్లీ మళ్లీ వస్తుంటే అక్కడ మార్చాలి. ఒకసారి ఒక్కదాన్నే మార్చండి, రెండు మారిస్తే ఏ మార్పు పనిచేసిందో తెలియదు. మనం ఇవాళ పెట్టుకున్న నాలుగింటి పక్కన ఐదో, ఆరో స్థానం ఎవరికివ్వాలో వచ్చే వీడియోలో చూద్దాం.