ఎక్యూట్ లుకేమియా: సీడీ మార్కర్లతో బ్లాస్ట్ ఏ జాతిదో తేల్చడం

[స్క్రీన్ మీద: లీష్‌మన్ స్టెయిన్ వేసిన స్మియర్, నిండా బ్లాస్ట్‌లు]

స్మియర్ నిండా బ్లాస్ట్‌లే, అంటే ఎదగని తొలిదశ రక్తకణాలు. ఆవర్ రాడ్ (బ్లాస్ట్ లోపల కనిపించే సన్నటి పుల్లలాంటి గుర్తు) ఒక్కటి కనిపించినా చాలు, మైలాయిడ్ అని చెప్పేయొచ్చు. కనిపించకపోతే మాత్రం అవి లింఫోబ్లాస్ట్‌లా, మైలోబ్లాస్ట్‌లా అన్నది మైక్రోస్కోపు ఒక్కదానితో తేలదు. ఏఎల్‌ఎల్‌కీ (లింఫాయిడ్ లుకేమియా) ఏఎంఎల్‌కీ (మైలాయిడ్ లుకేమియా) మందులు వేరు కాబట్టి ఊహించి వదిలేసే విషయం కాదిది. అందుకే కణం పైనా లోపలా ఉన్న ప్రోటీన్లకు (ఇవే మార్కర్లు, చాలావాటి పేర్లు సీడీ నంబర్లు) రంగు యాంటీబాడీలు తగిలించి, ఫ్లో సైటోమీటర్‌లో ఒక్కో కణాన్నీ లేజర్ ముందు నుంచి పంపిస్తాం.

ఈ వీడియో పాథాలజీ పీజీలకూ ల్యాబ్ టెక్నీషియన్లకూ. శాంపిల్ నుంచే మొదలుపెడదాం, ఎందుకంటే సగం తప్పులు మెషీన్ దాకా రాకముందే జరుగుతాయి.

[స్క్రీన్ మీద: ఊదా మూత ట్యూబు, పక్కన ఆకుపచ్చ మూత ట్యూబు]

ఫ్లోకి ఊదా మూత, అంటే ఈడీటీఏ. సైటోజెనెటిక్స్‌కి, అంటే క్రోమోజోముల పరీక్షకి, ఆకుపచ్చ మూత, హెపారిన్. బోన్‌మ్యారో సిరంజిలో ఎంత ఎక్కువ లాగితే అంత రక్తం కలుస్తుంది, బ్లాస్ట్ శాతం అంత తగ్గి కనిపిస్తుంది. డ్రై ట్యాప్ అయితే, అంటే మ్యారో సిరంజిలోకి రాకపోతే, రక్తంలో బ్లాస్ట్‌లు ఉన్నప్పుడు రక్తంతోనే పని జరుగుతుంది.

24 గంటల్లో ప్రాసెస్ చేయడం మంచిది. ఆదిలాబాద్ నుంచో కర్నూలు నుంచో హైదరాబాద్‌కి వచ్చే ట్యూబుని మే నెల ఎండలో ఉత్త కవర్లో పంపకండి. అలాగని ఐసు ముక్కల మీద కూడా పెట్టకండి, గడ్డకడితే కణాలు పగిలిపోతాయి. చల్లటి గది ఉష్ణోగ్రత ఉంటే చాలు.

[స్క్రీన్ మీద: పిపెట్, లెక్క]

ఇప్పుడు చాలామంది దాటేసే లెక్క. యాంటీబాడీ మోతాదు సాధారణంగా ట్యూబుకి 10 లక్షల కణాలకు సరిపోయేలా ఉంటుంది. డబ్ల్యూబీసీ కౌంట్ మైక్రోలీటర్‌కి 2 లక్షలున్న శాంపిల్‌ని అలవాటుగా 100 మైక్రోలీటర్లు పోశారనుకోండి. ట్యూబులో పడేది 2 కోట్ల కణాలు. యాంటీబాడీ చాలదు, మార్కర్లన్నీ డిమ్‌గా వస్తాయి. ఆ శాంపిల్‌లో 5 మైక్రోలీటర్లు తీసుకుని పీబీఎస్ (ఉప్పు బఫర్ ద్రావణం)తో 100కి పెంచాలి. కౌంట్ 1,500 ఉంటే ఇబ్బంది తిరగబడుతుంది: 100 మైక్రోలీటర్లలో లక్షన్నర కణాలే. అలాంటప్పుడు ముందే ఎక్కువ శాంపిల్‌ని లైస్ చేసి (ఎర్రకణాల్ని పగలగొట్టి), కణాల్ని దగ్గరికి చేర్చుకోవాలి.

యాంటీబాడీ కలిపాక చీకట్లో 15 నుంచి 20 నిమిషాలు. తర్వాత అమోనియం క్లోరైడ్‌తో ఎర్రకణాల్ని 10 నిమిషాలు లైస్ చేయండి. ఎక్కువసేపు ఉంచితే బ్లాస్ట్‌లు కూడా దెబ్బతింటాయి. ఆపైన వాష్.

లోపలి మార్కర్లకు వరుస ముఖ్యం: ముందు పైపొర స్టెయిన్, తర్వాత ఫిక్స్ చేసి పొరకి రంధ్రాలు పెట్టడం, ఆ తర్వాతే ఎంపీఓ (మైలాయిడ్ కణాల ఎంజైమ్), సైటోప్లాస్మిక్ సీడీ3, సీడీ79ఏ, టీడీటీ (ఎదగని లింఫ్ కణాల ఎంజైమ్). ఇంకో మాట, పీఈ-సై7 లాంటి జంట రంగులు వెలుతురుకి విడిపోతాయి. విడిపోయిన పీఈ తన చానెల్‌లో వెలిగి, లేని మార్కర్‌ని ఉన్నట్టు చూపిస్తుంది. సీసాని బల్ల మీద తెరిచి ఉంచి కాఫీకి వెళ్లొద్దు.

[స్క్రీన్ మీద: సీడీ45, సైడ్ స్కాటర్ ప్లాట్, ఒక్కో గుంపూ వరుసగా వెలుగుతుంది]

ముందు జంటగా అతుక్కున్న కణాల్ని తీసేయండి. తర్వాత ఈ ప్లాట్. కుడివైపు కింద బ్రైట్ సీడీ45తో లింఫోసైట్లు. వాటి పైన మోనోసైట్లు. ఇంకా పైకి, సైడ్ స్కాటర్ (కణం లోపలి గింజల వల్ల పక్కకి చెదిరే వెలుగు) బాగా ఎక్కువున్న చోట గ్రాన్యులోసైట్లు. వీటికి ఎడమగా, కింద, సీడీ45 డిమ్‌గా ఉన్న గుంపు దగ్గర ఆగండి. బ్లాస్ట్‌లు మామూలుగా అక్కడే ఉంటాయి. అయితే కొన్ని బీ-ఏఎల్‌ఎల్‌లలో సీడీ45 పూర్తిగా నెగటివ్. అవి ఎర్రకణాల పూర్వ కణాల చోట కలిసిపోతాయి, గేట్ (లెక్కలోకి తీసుకునే గుంపు చుట్టూ గీసే గీత) ఇరుగ్గా వేస్తే మొత్తం జబ్బే గేట్ బయట ఉండిపోతుంది.

[స్క్రీన్ మీద: ఎనిమిది మార్కర్ల తొలి ట్యూబు]

యూరోఫ్లో (ఫ్లో పరీక్షలకు ప్రామాణిక పద్ధతులు తయారుచేసే యూరప్ బృందం) వాళ్ల తొలి ట్యూబులో ఎనిమిది మార్కర్లు: సీడీ45, సీడీ34, సీడీ19, సీడీ7, పైపొర సీడీ3, లోపలి సీడీ3, ఎంపీఓ, సీడీ79ఏ. దారి చూపించడానికి ఇవి సరిపోతాయి. టీ జాతికి లోపలి సీడీ3. పైపొరలో లేకపోయినా ఫర్వాలేదు, టీ-ఏఎల్‌ఎల్‌లో తరచూ అలాగే ఉంటుంది. బీ జాతికి బలమైన సీడీ19, తోడుగా సీడీ79ఏ, సీడీ22, సీడీ10లలో కనీసం ఒకటి. సీడీ19 బలహీనంగా ఉంటే కనీసం రెండు. మైలాయిడ్‌కి ఎంపీఓ. మోనోబ్లాస్ట్‌లలో ఎంపీఓ నెగటివ్ కావచ్చు, అక్కడ సీడీ64, సీడీ14, సీడీ11సీ చూడాలి.

సీడీ7 ఉందని టీ అనకండి, ఏఎంఎల్‌లో మామూలే. సీడీ13, సీడీ33 ఉన్నాయని మైలాయిడ్ అనకండి, బీ-ఏఎల్‌ఎల్‌లోనూ వస్తాయి. సీడీ79ఏ కొన్ని టీ-ఏఎల్‌ఎల్‌లలో కూడా కనిపిస్తుంది.

[స్క్రీన్ మీద: ఎంపీఓ హిస్టోగ్రామ్, పైన న్యూట్రోఫిల్స్ గీత, కింద బ్లాస్ట్‌ల గీత]

"ఎంపీఓ నెగటివ్" అని రాసే ముందు అదే ట్యూబులో న్యూట్రోఫిల్స్‌ని చూడండి. అవి కూడా వెలగకపోతే నెగటివ్ బ్లాస్ట్‌లది కాదు, మీ ఫిక్స్-పర్మ్ (పొరకి రంధ్రాలు పెట్టే దశ)ది. ట్యూబు మళ్లీ పెట్టాల్సిందే. లోపలి సీడీ3కి మిగిలిన మామూలు టీ కణాలు సాక్షి. బ్లాస్ట్‌లలో కొన్నైనా ఆ టీ కణాల బ్రైట్‌నెస్‌లో సగాన్ని దాటాలి, అప్పుడే దాన్ని జాతి గుర్తుగా లెక్కపెడతాం.

[స్క్రీన్ మీద: ఒక ప్లాట్, సీడీ34 పాజిటివ్, సీడీ117 పాజిటివ్, ఎంపీఓ పాజిటివ్, సీడీ19 డిమ్, సీడీ56 పాజిటివ్]

ఈ ప్లాట్ దగ్గర కొత్తవాళ్లు తప్పటడుగు వేస్తారు. ఎంపీఓ ఉంది, సీడీ19 ఉంది, మిక్స్‌డ్ ఫీనోటైప్ (రెండు జాతుల గుర్తులూ ఉన్న లుకేమియా) అని రాసేస్తారు. ఇది 8, 21 క్రోమోజోముల మార్పిడి ఉన్న ఏఎంఎల్‌లో కనిపించే అసలైన చిత్రం. ఆ జబ్బులో బలహీనమైన సీడీ19, సీడీ56 రెండూ తరచుగా కలిసి వస్తాయి. సైటోజెనెటిక్స్‌లో ఆ మార్పిడి తేలితే మిక్స్‌డ్ అనడానికి వీల్లేదు, అది ఏఎంఎల్ పేరుతోనే ఉంటుంది. అందుకని మిక్స్‌డ్ అని రాయాలనిపించినప్పుడు జెనెటిక్స్ వచ్చేదాకా చేయి ఆపండి.

[స్క్రీన్ మీద: సైడ్ స్కాటర్ ఎక్కువున్న బ్లాస్ట్‌ల గుంపు, హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ నెగటివ్]

దీనికి మాత్రం అస్సలు ఆగకూడదు. సీడీ34 నెగటివ్, హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ నెగటివ్, సీడీ33 గుంపంతా ఒకేలా బ్రైట్, ఎంపీఓ బలంగా, సైడ్ స్కాటర్ ఎక్కువ. ఏపీఎల్ (ఏఎంఎల్‌లోనే ప్రోమైలోసైట్ రకం) అనుమానించండి. రక్తం గడ్డకట్టే వ్యవస్థ దెబ్బతిని రోగి గంటల్లో ప్రమాదంలో పడొచ్చు. వార్డుకి ఫోన్ చేసి చెప్పండి, రిపోర్టు టైప్ అయ్యేదాకా కూర్చోవద్దు. ఆట్రా (ఏపీఎల్ మందు) అనుమానం మీదే మొదలుపెడతారు, పీఎంఎల్-రారా (ఏపీఎల్‌కి గుర్తైన జన్యు కలయిక) పరీక్ష తర్వాత నిర్ధారిస్తుంది. ఎన్‌పీఎం1 మ్యుటేషన్ ఉన్న ఏఎంఎల్ కూడా కొన్నిసార్లు ఇలాగే కనిపిస్తుంది. ఏపీఎల్‌లోనే గింజలు సరిగా కనిపించని రకంలో సీడీ34, సీడీ2 పాజిటివ్ కావచ్చు. కాబట్టి స్మియర్ పక్కనే ఉండాలి.

ఇంకా రెండు చిన్న ఉచ్చులు. సీడీ41, సీడీ61 పాజిటివ్ వస్తే మెగాకార్యోబ్లాస్ట్‌లు (ప్లేట్‌లెట్ల జాతి బ్లాస్ట్‌లు) అనేముందు, బ్లాస్ట్‌లకు ప్లేట్‌లెట్లు అతుక్కున్నాయేమో చూడండి. పిల్లల మ్యారోలో, ముఖ్యంగా కీమో తర్వాత, హెమటోగోన్లు (మామూలు బీ పూర్వ కణాలు) బీ-ఏఎల్‌ఎల్‌లా కనిపిస్తాయి. కానీ అవి సీడీ10, సీడీ20, సీడీ45లో మెట్టు మెట్టుగా ఎదుగుతాయి. లుకేమియా ఒక్కచోటే గుంపుగా ఇరుక్కుంటుంది.

[స్క్రీన్ మీద: రిపోర్టు నమూనా]

రిపోర్టులో వట్టి పాజిటివ్, నెగటివ్ చాలవు. డిమ్, బ్రైట్, సగం కణాల్లోనే, ఇవన్నీ రాయండి. బ్లాస్ట్ 20 శాతం లేదా అంతకు పైన ఉందా అన్నది స్మియర్ లెక్కతోనే చెప్పాలి, ఫ్లో శాతంతో కాదు. వింత మార్కర్లు ఏమున్నాయో గుర్తుపెట్టి ఉంచండి. ఇండక్షన్ (మొదటి విడత కీమో) తర్వాత ఎంఆర్‌డీలో (మిగిలిపోయిన జబ్బుని వెతికే పరీక్ష) 0.01 శాతం దాకా వెతకాల్సినప్పుడు వాటితోనే వెతుకుతారు. రోగికి బ్లినాటుమోమాబ్ లాంటి సీడీ19 మందు ఇచ్చారా అని అడిగి తెలుసుకోండి. ఇచ్చాక బ్లాస్ట్‌లు సీడీ19 వదిలేయొచ్చు. అప్పుడు గేట్ సీడీ22, లోపలి సీడీ79ఏ మీద వేయాలి.