ఎవరికీ చెప్పవద్దని యేసు ఎందుకన్నాడు?

పెద్దలకు, అన్నలకు, అక్కలకు వందనాలు.

"క్రీస్తు" అన్న మాట మనకు ఎంత అలవాటైపోయిందంటే, అది యేసుకు ఇంటిపేరేమో అన్నట్టు పలికేస్తాం. దాని అర్థం అభిషిక్తుడు, హెబ్రీలో మెస్సీయ. రాజులుగా చేయడానికి సౌలు తల మీద, దావీదు తల మీద సమూయేలు ప్రవక్త పోసిన నూనె అది. పట్టాభిషేకం అంటే మన చెవికి ఎలా వినిపిస్తుందో, మెస్సీయ అంటే ఆనాటి యూదులకు అలా వినిపించేది. రోమాకు పన్ను కట్టి విసిగిన జనం ఆ మాట వింటే ఏం ఆశపడతారో ఆలోచించండి.

ఫిలిప్పుదైన కైసరయ అనే ఊరు హెర్మోను కొండ పాదాన ఉంది. గుహ దగ్గర నీళ్లు ఉబుకుతుంటాయి, అక్కడ గ్రీకుల పాన్ దేవుణ్ణి కొలిచేవారు. రోమా చక్రవర్తి ఔగుస్తు కైసరుకు హేరోదు రాజు గుడి కట్టించిందీ ఆ ప్రాంతంలోనే. ఊరి పేరులోనే కైసరు ఉన్నాడు. అటు వెళ్లే దారిలో శిష్యుడు పేతురు యేసుతో "నీవు క్రీస్తువు" అన్నాడు. మార్కు సువార్తలో యేసు మెచ్చుకోడు, ఎవరికీ చెప్పవద్దని గట్టిగా అంటాడు. మత్తయిలోనైతే ముందు "నీవు ధన్యుడవు" అంటాడు, ఈ బండ మీద నా సంఘం కడతాను, పరలోక రాజ్యపు తాళపుచెవులు నీకిస్తాను అని చెప్తాడు, ఈ ఆజ్ఞ ఆ తర్వాతే. ఆ బండ పేతురా, పేతురు విశ్వాసమా అని కాథలిక్కులకు, ప్రొటెస్టంట్లకు ఉన్న తేడా మీకు తెలిసిందే.

నా మనసు మాత్రం ఆ "చెప్పవద్దు" దగ్గరే ఆగిపోతుంది. సిలువ అనే ఆటంకం తొలగాకే ఈ నమ్మకం మనసుల్లో నాటుకుంటుందని, అందుకే ఆపాడని తొలి శతాబ్దాల సంఘ బోధకుడు జాన్ క్రిసోస్తం చాలా కాలం కిందటే బోధించాడు. 1901లో జర్మన్ పండితుడు వ్రేదె వేరే మాట అన్నాడు: యేసు బతికుండగా మెస్సీయనని చెప్పుకోలేదు, తర్వాత పుట్టిన నమ్మకాన్ని ఆయన జీవితంతో కలపడానికే ఈ రహస్యం వచ్చింది అని. 1906లో మరో పండితుడు ష్వైట్జర్ దాన్ని కాదన్నాడు. తానెవరో యేసుకు తెలుసు, దేవుని రాజ్యం రేపో మాపో వస్తుందని ఎదురుచూశాడు అన్నాడు.

వ్రేదె వాదన మొదటిసారి చదివినప్పుడు నాకు చాలా టెన్షన్ వచ్చింది. కానీ ప్రధాన యాజకుడు అడిగినప్పుడు మార్కులోనే యేసు "నేనే" అంటాడు. పట్టుబడి, శిష్యులు పారిపోయి, ఒంటరిగా నిలబడ్డప్పుడు. అప్పుడు ఆ మాటలో సింహాసనం ఎవరికి కనబడుతుంది? అందుకే నేను క్రిసోస్తం పక్షం. బావి దగ్గర సమరయ స్త్రీకి సూటిగా చెప్పాడు కదా అంటారు. నిజమే, అక్కడ ఆయన్ని రాజును చేయడానికి గుంపు లేదు.

పేతురు ఒప్పుకోలుకు కాస్త ముందే మార్కు బేత్సయిదా గుడ్డివాడి సంగతి రాశాడు. యేసు మొదటిసారి చేతులుంచితే అతనికి మనుషులు నడిచే చెట్లలా కనబడ్డారు. మళ్లీ ఉంచాకే తేటగా కనబడింది. పేతురు "నీవు క్రీస్తువు" అన్నది ఆ మొదటి చూపుతోనే. యేసు తన శ్రమల మాట ఎత్తగానే పేతురు ఆయన్నే పక్కకు తీసుకెళ్లి గద్దించాడు.

అందరూ మార్కు 8వ అధ్యాయం తీయండి. 22వ వచనం నుంచి 33 దాకా, మధ్యలో ఆపకుండా, ఎవరైనా గట్టిగా చదవండి.